ఓటరు మాట : వాచ్యమును వ్యంగ్యమును

ఎన్నికలు ముగిసి ఫలితములు వెలువడిన మఱునాఁటినుండి మనదేశమున వ్యాఖ్యాతలకుఁ గొదువ యుండదు. ఇది కులపు ఓటని యొకరు, డబ్బు ఓటని యొకరు, జాలి ఓటని వేఱొకరు, లక్షలమంది హృదయమును ఏకపదమున వివరించి తృప్తిపడుదురు. ఓటరు నడిగినచో నతఁడు వీనిలో నొక్కటియుఁ జెప్పఁడు. అందుచేత ఓటరు అబద్ధమాడుచున్నాఁడను రెండవ సిద్ధాంతము బయలుదేరును. కావ్యమునకు వ్యాఖ్య వ్రాయువాఁడు మూలమును విడిచి తన తలఁపునే వ్రాసికొన్నచో మనము సహింపము. ఓటరు పలికిన మాటయు, వేసిన ఓటును గూడ నొక మూలమే. దానికిఁ బుట్టిన వ్యాఖ్యానములను బరీక్షించుట యీ వ్యాసోద్దేశము. ఉదాహరణములను గోనసీమనుండియే గ్రహించితిని. ఏలయన, అక్కడి మాటతీరు మర్యాదకుఁ బేరుపడినది; అక్కడి నియోజకవర్గముల స్థితియుఁ బరీక్షకు మిక్కిలి యనుకూలమైనది.

మొదట మూలమును జూతము. గౌతమీ వసిష్ఠల నడుమ, వైనతేయ పాయకు ఇరువైపుల నున్న గ్రామములలో అభ్యర్థి గుమ్మమునకు వచ్చి చేతులు జోడించినపుడు వినవచ్చు ప్రత్యుత్తరములు మూఁటికి మించవు. “ఆయ్, మీకు కాక ఇంకెవరికండీ” అనునది మొదటిది. “మాదేవుందండీ, నలుగురితో పాటూ మేవూను” అనునది రెండవది. “చూద్దామండి, ఇంకా రోజులున్నాయి కదండి” అనునది మూఁడవది. వీనిలో మొదటి మాట ఉదయమున వచ్చిన అభ్యర్థికిఁ జెప్పఁబడును. సాయంకాలమున వచ్చిన ప్రత్యర్థికిని అదే నోట, అదే స్వరమునఁ జెప్పఁబడును. వాచ్యార్థమునుబట్టి చూచినచో ఈ రెంటిలో నొకటి తప్పక యసత్యము. కాని యసత్యమునకు లక్షణమేమి? చెప్పువాఁడు వినువానిని నమ్మింపఁగోరవలెను. వినువాఁడు నమ్ముట కవకాశ ముండవలెను. ఇక్కడ వినువాఁడు నమ్ముట లేదు. అతని వెంటనున్న కార్యకర్త యా గుమ్మము దాఁటినతోడనే చేతనున్న ఓటర్ల జాబితాలో ‘మనవారు’, ‘వారివారు’, ‘సందేహము’ అని తన గుర్తు తాను వేసికొనును. ఇరువురకును దెలిసిన మర్యాదావాక్యమును అనృతమని నిందించుట, “దయచేయుఁడు” అన్న గృహస్థును వీధి తలుపు మూసినందుకు నిందించుట వంటిది.

ఇట్టి మాటకు అర్థము చెప్పు శాస్త్రము మనకు లేకపోలేదు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున వాచ్యమునకు భిన్నమైన ప్రతీయమానార్థమును నిరూపించుచు, మొట్టమొదటి యుదాహరణముగా నొక ప్రాకృత గాథను గ్రహించెను. అది శాతవాహనప్రభువగు హాలుఁడు కూర్చిన గాథాసప్తశతిలోనిది. గోదావరీ తీరపుఁ బొదరిండ్ల ప్రసక్తి కలది. పూలకై వచ్చు ధార్మికుని ఒక స్త్రీ, నిన్ను బాధించు కుక్కను సింహము చంపినది, ఇఁక నిశ్చింతగాఁ దిరుగుమని పలుకును. మాట అనుజ్ఞ, భావము నిషేధము. కుక్కకే వెఱచువాఁడు సింహమున్న చోటికి రాఁడు గదా! రెండువేలయేండ్ల నాఁడే గోదావరి యొడ్డున ‘అవును’ అను మాటలో ‘కాదు’ అను నర్థము నిమిడ్చి పలుకు విద్య ప్రసిద్ధమై యుండఁగా, నేఁటి కోనసీమ రైతుకూలీ పలికిన ‘ఆయ్’ మనకుఁ గొఱుకుడు పడకుండుట చింతనీయము. మమ్మటుఁడు అర్థవ్యంజనకు హేతువులను జెప్పుచు, వక్త యెవఁడు, శ్రోత యెవఁడు, కాకువు ఎట్టిది, సమీపమున నెవరున్నారు, ప్రస్తావమేమి, దేశకాలములెట్టివి అని విచారింపవలె ననెను. ఓటరు నడుగువాఁడు ఈ ప్రశ్నలలో నొక్కటియైన వేసికొనుచున్నాఁడా? భూస్వామి యెదుట అడిగిన ప్రశ్నకు వచ్చిన యుత్తరమును, తోటి కూలీ చెఱువుగట్టున అడుగఁగా వచ్చిన యుత్తరమును ఒకే అంకెలోఁ గలుపుట వ్యాఖ్యానము కాదు.

ఇఁకఁ బ్రసిద్ధములైన మూఁడు హేతువులను అన్వయవ్యతిరేకములచేఁ బరీక్షింతము. హేతువున్నచోటఁ గార్యముండవలెను, లేనిచోట నుండరాదు. ఇది మన తార్కికుల తొలిపాఠము.

మొదటిది కులము. అమలాపురము లోక్‌సభా స్థానము షెడ్యూల్డు కులములకుఁ బ్రత్యేకింపఁబడినది. 2008 నాఁటి పునర్విభజన ననుసరించి 2009 ఎన్నికలనుండి దానిలోని ఏడు శాసనసభా స్థానములలో అమలాపురము, రాజోలు, పి. గన్నవరము అను మూఁడును అట్టివే. కొత్తపేట, ముమ్మిడివరము, రామచంద్రపురము, మండపేట సామాన్యస్థానములు. ప్రత్యేకింపఁబడిన చోట అభ్యర్థులందఱును షెడ్యూల్డు కులములవారే. అట్టియెడ ఇతర కులముల ఓటరులకు ‘తనవాఁడు’ అను అభ్యర్థియే లేఁడు. తన కులమువానికే వేయునను సూత్రము అచ్చట వారి విషయమునఁ బ్రవర్తింప నవకాశమే లేదు. అప్పుడు కులవాది సూత్రమును సవరించి, అభ్యర్థినిఁ గాక పార్టీ నాయకుని కులమును జూచి వేయుదురనును. 2019లో రాష్ట్రమంతటను జనసేన పార్టీకి రాజోలొక్కటియే దక్కినది. ఆ పార్టీ నాయకుఁడు భీమవరము, గాజువాక రెండింటను ఓడిపోయెను. నాయకుని కులమే సర్వకారణమైనచో, నాయకుఁడే స్వయముగా నిలిచినచోట ఓటమియు, అన్యకులస్థుఁడు నిలిచినచోట గెలుపును ఎట్లు సంభవించెను? దీనికిని సమాధానము చెప్పుదురు. కాని స్వకులునకు వేసినను గులపు ఓటే, అన్యునకు వేసినను గులపు ఓటే యగునేని, ఆ హేతువు సపక్షవిపక్షములు రెంటను వర్తించు వ్యభిచారిహేతువు. దేనినైన వివరించును గావున దేనినిని వివరింపదు.

కులము నిమిత్తమే కాదని నా వాదము గాదు. వార్త ఏ యరుగుమీఁద వినఁబడునో, అప్పు ఎవరివద్దఁ బుట్టునో, ఆపదకు స్టేషనుకు ఎవరు తోడు వత్తురో, ఇవి పెక్కు గ్రామములలోఁ గులమార్గముననే నడచును. ఆ మార్గముననే ఓటును నడచుట స్వాభావికము. అయితే అది త్రోవయే కాని గమ్యము కాదు. కాలువ లేనిదే నీరు చేనికి రాదు. అంతమాత్రమున కాలువయే నీరని యనము.

రెండవది వ్యక్తిపై నభిమానము, జాలి. అమలాపురమునుండి లోక్‌సభకు ఎన్నికైన జి. ఎం. సి. బాలయోగి 1998లో సభాపతి యయ్యెను. 2002 మార్చి 3వ తేదీని హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. ఆ పిమ్మట జరిగిన ఉపయెన్నికలో ఆయన భార్య గెలిచెను. అది జాలి ఓటని లోకమనెను. కొంతవఱకు నిజమే కావచ్చును. కాని 2019లో ఆయన కుమారుఁడు గంటి హరీష్ మాథుర్ అదే స్థానమునఁ బోటీచేసి చింతా అనూరాధచే నోడెను. 2024లో అతఁడే గెలిచెను. తండ్రి యొకఁడే, పేరొకటే, స్థానమొకటే, ఫలితములు రెండు. హేతువు స్థిరమై యుండఁగాఁ గార్యము మాఱినచో ఆ హేతువు చాలదని చెప్పక తప్పదు. ఇట్లే రాపాక వరప్రసాదరావు రాజోలునుండి 2009లో కాంగ్రెసు పక్షమునను, 2019లో జనసేన పక్షమునను గెలిచి, 2024లో వైయస్సార్ కాంగ్రెసు పక్షమున అమలాపురము లోక్‌సభా స్థానమునకు నిలిచి యోడెను. వ్యక్తియే ప్రధానమనువారు చివరి యంకమునకును, పార్టీయే ప్రధానమనువారు మొదటి రెండంకములకును సమాధానము చెప్పవలసి యుండును.

మూఁడవది ధనము. దీనిని గుఱించి విమర్శకులు మిక్కిలి ధైర్యముగా మాటలాడుదురు. ఐనను, ఇరుపక్షములును బంచినచోట ధనమే కారణమైనచో ఇరువురును గెలువవలెను. పంచినవారిలో నొకఁడు ప్రతిపర్యాయము నోడుచునే యున్నాఁడు. అతని ధనము ఏమి కొనెను? ఓటరు దృష్టిలో నది కొనుగోలు కాదు; తన గుమ్మమును గుర్తించినందుకుఁ జిహ్నము. ఈయనివాఁడు ఓడవచ్చును గాని, యిచ్చినవాఁడు గెలుచునను నిశ్చయము లేదు. ఇది లంచమును సమర్థించుట కాదు. 1951 నాఁటి ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగమున లంచమును దురాచారముగాఁ బరిగణించినది, అది న్యాయమే. నేను జెప్పునది యింతే: దోషమైన ప్రతిదియుఁ గారణము కాదు. పాపమును గారణమునుగాఁ బొరపడు వ్యాఖ్యాత, ధర్మశాస్త్రమును దర్కశాస్త్రమును గలగాపులగము చేయుచున్నాఁడు.

ఇప్పుడు రెండవ ప్రశ్న: జనులు తమ కారణమును ఒప్పుకొందురా? ఇచట మూఁడు దశలను వేఱుచేయవలెను. కారణము తెలిసి దాఁచుట మొదటిది. తెలిసి, వినువారికి నచ్చు వేషము తొడిగి చెప్పుట రెండవది. తనకే తెలియకుండుట మూఁడవది. ‘ఓటరు అబద్ధమాడును’ అనువారు మూఁడవదానిని మఱచుచున్నారు. 1977లో నిస్బెట్టు, విల్సను అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞులు తాము ప్రకటించిన వ్యాసమున నొక పరీక్షను వర్ణించిరి. అన్నివిధముల నొకేరీతి నున్న నాలుగు జతల మేజోళ్లను వరుసగా నుంచి, మేలైనదానిని జెప్పుఁడనిరి. కుడిచివర నున్నదానినే యెక్కువమంది మెచ్చిరి. కారణమడుగఁగా నేఁతనో నాణెమునో పేర్కొనిరి గాని, అది యున్న స్థలమే కారణమని యొక్కరును జెప్పలేదు. వారు దొంగలు కారు. తమ మనస్సును దామే యూహించి వ్యాఖ్యానించినవారు. మేజోళ్ల విషయముననే యిట్లుండఁగా, తాతతండ్రులు, పొరుగు, కూలిరేటు, పూర్వపు అవమానము, నిన్న విన్న వార్త యన్నియుఁ గలసిన ఓటు విషయమునఁ గారణమును ఒక వాక్యమునఁ జెప్పుమనుట ఎంత యన్యాయము!

నా మాటయే చెప్పెదను. ఒకప్పుడు నా తోడి యుపాధ్యాయులు మీరెట్లు నిర్ణయించుకొంటిరని యడుగఁగా, ఇరుపక్షముల వాగ్దానపత్రములను జదివి, తారతమ్యమును విచారించి నిర్ణయించుకొంటినని గంభీరముగాఁ బలికితిని. ఇంటికి వచ్చిన పిదప ఆ పత్రములలో నొకదానిని నేను తెఱవనేలేదని జ్ఞప్తికి వచ్చినది. మా యింట ఎప్పుడును ఏ గుర్తునకు వేయుదురో దానికే నేనును వేసియుంటిని. నేను దోషినని యప్పుడు తోఁపలేదు. చెప్పుచున్నపుడు నా మాటను నేనే నమ్మితిని. చదువు కారణమును మార్చలేదు. కారణమునకుఁ దొడుగు వస్త్రమును మాత్రము సన్ననిదిగా నేసియిచ్చినది. “నలుగురితో పాటూ మేవూను” అనిన కూలీ నాకంటె సత్యమునకు దగ్గఱగా నున్నాఁడు.

దాఁచుట యొక్క మన దేశపు లక్షణము గాదు. బ్రిటనులో 1992 ఎన్నికలకు ముందు జరిగిన అభిప్రాయసేకరణలు కన్సర్వేటివు పక్షపు బలమును దక్కువగాఁ జూపినవి. ఆ పక్షమునకు వేయుదుమని చెప్ప సంకోచించినవారుండుట దానికిఁ గారణములలో నొకటిగా భావింపఁబడినది. మనదేశమున 2004లో సేకరణకర్తలలోఁ బలువురు అధికారకూటమియే మరలునని చెప్పఁగా, ఫలితము వేఱైనది. ప్రతి పొరపాటును అబద్ధముచేతనే కలుగదు. ఎవరిని బ్రశ్నించిరి, ఎందఱు నోరు విప్పలేదు అనునవియుఁ గారణములే. మౌనము వహించినవానిని లెక్కనుండి తీసివైచి, పలికినవాని మాటనే యందఱి మాటగాఁ జేయుట అక్కడి లోపము.

ఇఁక మౌనమునకుఁ గల హక్కును విచారింతము. రాజోలు ప్రాంతపు మామిడికుదురు మండలమున ఆదుర్రు గ్రామమందుఁ బ్రాచీన బౌద్ధస్తూపావశేషములు గలవు. బౌద్ధుల వినయపిటకము చుల్లవగ్గమున సంఘమున వివాదము పుట్టినపుడు శలాకలచే సమ్మతిని గ్రహించు విధానము వర్ణింపఁబడినది. అది మూఁడు తెఱఁగులు: గూఢముగా, చెవిలోఁ జెప్పుటచే, బహిరంగముగా. గూఢపద్ధతిలో వేర్వేఱు వర్ణముల శలాకలను బంచి, తీసికొన్నదాని నెవరికిని జూపవలదని చెప్పవలెను. ఇది చదివి మన పూర్వులకు రహస్యపు ఓటు తెలియునని పొంగుట సులభము. కాని యచ్చటనే, అధర్మవాదులు అధికులని తేలినచో ఆ గ్రహణమును జెల్లనిదిగాఁ ద్రోసివేయవలెనని శలాకాగ్రాహకునకు విధి కలదు. అనఁగా ఆ రహస్యము ధర్మమును గెలిపించుటకు. ఓటరును గాపాడుటకుఁ గాదు. ఈ భేదమును గుర్తింపకుండఁ బ్రాచీనతను జాటుట పరిశోధనము కాదు.

ఓటరును గాపాడు రహస్యము ఆధునికము. ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రములందు 1856లోను, బ్రిటనులో 1872 చట్టముచేతను అది నెలకొనెను. 1861లో జాన్ స్టూవర్టు మిల్లు దానిని వ్యతిరేకించెను. ఓటు సొంతసొత్తు కాదనియు, లోకమునకై యుంచఁబడిన న్యాసమనియు, కావున లోకమెదుటనే వేయవలెననియు నాతని వాదము. వాదము గంభీరమే. కాని లోకమనఁగా నెవరు? మిల్లు ఊహించినది స్వతంత్రులైన విమర్శకుల లోకము. పాలేరునకుఁ గనఁబడు లోకము అతని యజమాని. మామిడికుదురునఁ బుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకమున ఒక పాలేరు చదువుకొని అధికారి యగుటను జిత్రించెను. ఆ మార్పు నాటకమునఁ గొందఱకు దక్కినది. ఓటుగది మాత్రము ప్రతి పాలేరునకు నొక నిమిషమైన స్వాతంత్ర్యము నిచ్చినది. అందు నోరు యజమానిదైనను జేయి తనది. బయట నోటితోఁ బలికిన “మీకు కాక ఇంకెవరికండీ” అను మాట, లోపల చేయి స్వేచ్ఛగా మెలఁగుటకుఁ జెల్లించిన సుంకము.

చట్టమును దీనినే యంగీకరించినది. 1937లో మద్రాసు రాజధానిలో కాంగ్రెసు పసుపు పెట్టె, 1951-52లో అభ్యర్థికొక పెట్టె, తరువాత గుర్తువేయు కాగితము, నేఁడు యంత్రము. సాధనములు మాఱినను ఉద్దేశమొకటే. 1951 నాఁటి చట్టము 94వ విభాగమున, ఎవరికి ఓటు వేసితివని చెప్ప నెవనిని నిర్బంధింపరాదని యున్నది. 2013లో సుప్రీముకోర్టు ఎవరికిని వేయనివాని రహస్యమును గూడఁ గాపాడవలెనని తీర్పు చెప్పి, ‘నోటా’ను బ్రవేశపెట్టించినది. రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యుఁడు తన ఓటును బార్టీ ప్రతినిధికిఁ జూపవలెనని 2003లో నియమింపఁబడుటయు దీనికి విరుద్ధము గాదు: ప్రతినిధి లెక్క చెప్పవలసినవాఁడు, ప్రజ లెక్క అడుగవలసినది.

ఐనను ఒక కొఱఁత మిగిలియున్నది. వ్యక్తి రహస్యము దాఁగినది గాని, పేట రహస్యము దాఁగలేదు. ఫలితములు పోలింగు కేంద్రమువారీగాఁ బ్రకటింపఁబడుచున్నవి. కోనసీమలో పేటలు కులములవారీగా నుండుట సాధారణము. కేంద్రమునకుఁ గొన్ని పేటలే చెందియుండును. ఏ పేట ఎటు మొగ్గెనో గెలిచినవానికిని ఓడినవానికిని మఱునాఁడే తెలియును. రోడ్డు, కుళాయి, పింఛను అను మాటలతో ఆ లెక్క ముడివడుననెడి భయము ఓటరునకుఁ గలదు. కాగితపు ఓట్ల కాలమున వివిధ కేంద్రముల కాగితములను గలిపి లెక్కించుటకు నియమముండెను. యంత్రముతో నది పోయినది. 14 యంత్రముల మొత్తమును గలిపి చూపు సాధనమును ఎన్నికల సంఘము 2008లోఁ బ్రతిపాదించెను, న్యాయసంఘము 2015లోఁ దన 255వ నివేదికలో బలపఱచెను, ఆచరణకు రాలేదు. 2022 మే 24వ తేదీని జిల్లా పేరు విషయమై అమలాపురమున నల్లరులు చెలరేఁగి ప్రజాప్రతినిధుల ఇండ్లకే నిప్పు పెట్టఁబడినది. అట్టిచోట ఒక పేట అభిప్రాయము అంకెలలో నగ్నముగా నిలుచుట నిర్భయమని యెవఁడనఁగలఁడు? జనులు నిజము చెప్పరని నిందించువారు, నిజము చెప్పుటకు వారు చెల్లింపవలసిన వెలను ముందుగా లెక్కింపవలెను.

కావున నా నిర్ణయ మిది. ఓటునకు హేతువు ఒక్కటి కాదు. కులము, ధనము, అభిమానము అను పదములు శీర్షికలుగాఁ జెల్లును గాని సిద్ధాంతములుగాఁ జెల్లవు. ఓటరు తన కారణమును గొంత దాఁచును, కొంత యలంకరించును, కొంత తానే యెఱుఁగఁడు. చదివినవాఁడు చదువనివానికంటె నెక్కువగా నలంకరించును. నిర్బలుని మౌనము కపటము కాదు, రక్ష. పాఠశాలలలోఁ బోలింగు విధులు నిర్వహించు మన పండితులు ఓటుగది అట్టతెరను ఏటేట నిలువఁబెట్టుచున్నారు. ఆ తెర యవతలి చేయి ఏల యట్లు కదలెనో వ్యాఖ్యానింపఁబూనువారు, మొదటఁ దమ చేతిని గూర్చి తాము చెప్పికొన్న వ్యాఖ్యానమును బరీక్షించుకొందురుగాక.